స్కానింగ్ మెషిన్ కొత్తదే.. మరి డేటా సంగతేంటి?

మొన్న సంక్రాంతికి ఊరెళ్తూ ఒక కొత్త ఫోన్‌ని బ్యాగులో పెట్టుకున్నా. పండగ మూడు రోజులూ వాడి రివ్యూ రాసేద్దామని ప్లాన్. ఆ రివ్యూ రాయలేదు. కనుమ మర్నాడు పొద్దున్నే మా బాబాయి కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు.

మాది పలాస దగ్గర ఉద్దానం. మా వైపు కొబ్బరిచెట్టు ఎక్కడం, దిగడం రోజువారీ పని. ఆ రోజు మాత్రం కాలు జారింది. తలకి దెబ్బ తగిలింది, కడుపులో నొప్పి అంటున్నాడు. కారులో శ్రీకాకుళం తీసుకెళ్లాం. అక్కడ ఒక స్కానింగ్ సెంటర్‌లో తలకీ, కడుపుకీ సీటీ తీశారు. ఒక పెద్ద కవరు నిండా ఫిల్ములు, ఒక సీడీ ఇచ్చారు. మనిషి కాస్త మత్తుగా ఉన్నాడు, విశాఖ తీసుకెళ్లిపోతే మంచిదని డాక్టర్ చెప్పారు. బయల్దేరాం.

విశాఖలో ఆసుపత్రికి చేరేసరికి కథ మొదలైంది. ఎమర్జెన్సీలో ఉన్న కంప్యూటర్‌కి సీడీ డ్రైవ్ లేదు. పక్క గదిలో ఉన్న కంప్యూటర్‌కి డ్రైవ్ ఉంది కానీ, సీడీలో ఉన్న వ్యూయర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ కాలేదు. ఫిల్ములు చూద్దామంటే కడుపు ఫిల్ములు ఉన్నాయి, తల ఫిల్ములు లేవు. కంగారులో శ్రీకాకుళంలోనే వదిలేశాం. ఇంకేముంది, మళ్లీ సీటీ.

స్ట్రెచర్ మీద ఉన్న బాబాయి కళ్లు తెరిచి, "పొద్దున్న తీసినారు గదా, మళ్లీ ఏటి తీస్తారు? ఈలోపల నా తలకాయేటి మారిపోనాదా?" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు సగం భయం పోయింది. మనిషి తెలివిలోనే ఉన్నాడు.

అసలు భయం తర్వాత వేసింది. కడుపు సీటీకి కాంట్రాస్ట్ ఇంజక్షన్ ఇవ్వాలని సిద్ధం చేస్తున్నారు. అప్పటిదాకా ఒక మూల నిలబడ్డ మా పిన్ని ముందుకొచ్చి టెక్నీషియన్‌ని అడిగింది. "బాబూ, ఈయనకి కిడ్నీలు బాగోవు. మందులు వాడతన్నాడు. ఆ సూది ఎయ్యొచ్చేటి?"

టెక్నీషియన్ ఆగిపోయాడు. "అమ్మా, పాత రిపోర్టులున్నాయా?" అన్నాడు. పిన్ని తన సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో మూడేళ్ల క్రియాటినిన్ రిపోర్టులు, తేదీల వారీగా మడతపెట్టి ఉన్నాయి. డాక్టర్ వచ్చి చూశారు. ముందు కాంట్రాస్ట్ లేకుండా సీటీ, దాంతోపాటు అల్ట్రాసౌండ్ చేసి చూద్దాం, అవసరమైతేనే కాంట్రాస్ట్ అన్నారు. అవసరం పడలేదు.

ఆ రాత్రి వరండాలో కూర్చుని ఆలోచించా. కోట్ల రూపాయల సీటీ మెషిన్ ఉంది. బాగా పనిచేసే డాక్టర్లున్నారు. కానీ శ్రీకాకుళానికీ విశాఖకీ మధ్య, ల్యాబుకీ స్కానింగ్ గదికీ మధ్య సమాచారం మోసింది మాత్రం ఏడో తరగతి చదివిన మా పిన్ని. నేను రోజూ ఉద్యోగంలో చేసేది డేటాని ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పంపించడమే. అందుకే ఈ వారం ఫోన్ రివ్యూ పక్కన పెట్టి, రేడియాలజీ డిపార్ట్‌మెంట్ 'లోపలి సాఫ్ట్‌వేర్' గురించి రాస్తున్నా.

ముందు స్పెక్స్: సీటీ కెమెరా 0.26 మెగాపిక్సెలే!

మన సైట్ చదివేవాళ్లకి మెగాపిక్సెళ్ల భాష బాగా తెలుసు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం. సీటీ స్కాన్‌లో ఒక్కో స్లైస్ సాధారణంగా 512 × 512 పిక్సెళ్లు. అంటే 0.26 మెగాపిక్సెల్. మీ ఫోన్ సెల్ఫీ కెమెరా కూడా నవ్వుతుంది. కానీ అసలు విషయం పిక్సెళ్ల సంఖ్యలో లేదు, ఒక్కో పిక్సెల్ ఎన్ని ఛాయలు చూపగలదన్న దాంట్లో ఉంది.

మామూలు జేపెగ్ ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లు ఉంటాయి. సీటీ డేటా 12 బిట్లు, అంటే 4,096 మెట్లు. ఆ అంకెలకి హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లని పేరు. గాలి మైనస్ 1000, నీళ్లు 0, గట్టి ఎముక దాదాపు వెయ్యి, ఇంకా పైన. మెదడు కణజాలం 35, 40 దగ్గర ఉంటుంది. అప్పుడే కారిన రక్తం 50 నుంచి 70 మధ్య. అంటే తేడా ఇంచుమించు 25 యూనిట్లే.

ఇప్పుడు లెక్క చూడండి. 4,096 మెట్లని 256కి కుదిస్తే ఒక్కో మెట్టులో 16 యూనిట్లు ఇరుక్కుంటాయి. మెదడుకీ రక్తానికీ ఉన్న తేడా ఒకటి రెండు మెట్లకి పడిపోతుంది. కంటికి కనిపించదు. అందుకే డాక్టర్లు 'విండో' అనే సెట్టింగ్ వాడతారు. మెదడు చూడాలంటే 0 నుంచి 80 యూనిట్ల మధ్యనే నలుపు తెలుపులు పంచుతారు. ఎముక చూడాలంటే వేరే విండో, ఊపిరితిత్తులకి ఇంకోటి. ఒరిజినల్ డేటా ఉంటే ఇవన్నీ మౌస్ జరిపినంత సులువు. ఫిల్ము మీద ప్రింట్ అయిపోతే అప్పుడు పెట్టిన విండోనే గతి. ఆ ఫిల్ముని కిటికీ వెలుతురులో పట్టుకుని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తే, అది మళ్లీ కుదించుకుపోతుంది. ఫొటోగ్రఫీ తెలిసినవాళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే, రా ఫైల్ పారేసి స్క్రీన్‌షాట్‌కి ఫొటో తీసి పంపడం లాంటిదన్నమాట.

ఆ రా ఫైల్ పేరు డైకామ్. అమెరికన్ రేడియాలజిస్టుల కాలేజీ, ఎలక్ట్రికల్ పరికరాల తయారీదారుల సంఘం కలిసి 1985లో మొదటి ప్రమాణం తెచ్చాయి. 1993 నుంచి అది డైకామ్ అనే పేరుతో నడుస్తోంది. బొమ్మతో పాటు దాని లోపలే వివరాలు ఉంటాయి. ట్యాగ్ (0010,0010) అంటే పేషెంట్ పేరు, (0010,0020) అంటే పేషెంట్ ఐడీ, (0008,0060) అంటే అది సీటీనా, ఎక్స్‌రేనా, అల్ట్రాసౌండా. ఫోన్ ఫొటోలో ఎగ్జిఫ్ డేటా ఉంటుంది చూశారా, అలాగే. ఏ కంపెనీ మెషిన్‌లో తీసినా ఏ కంపెనీ వ్యూయర్‌లోనైనా తెరుచుకోవాలన్నదే దీని ఉద్దేశం. మా బాబాయి సీడీలో ఉన్నది కూడా డైకామే. కొత్త ల్యాప్‌టాప్‌లకి సీడీ డ్రైవ్ లేకుండా పోయి ఎన్నాళ్లయింది? ఫార్మాట్ 1993 నుంచీ సిద్ధంగానే ఉంది, మోసే బండే పాతబడింది.

పాక్స్ అంటే గ్యాలరీ, ఆర్ఐఎస్ అంటే ఆర్డర్ ట్రాకింగ్

రేడియాలజీలో ప్రధానంగా రెండు సాఫ్ట్‌వేర్లు ఉంటాయి.

మొదటిది పాక్స్. బొమ్మలు దాచే చోటు. ఆసుపత్రికి సొంత గూగుల్ ఫొటోస్ అనుకోండి. సీటీ మెషిన్ స్కాన్ అవ్వగానే బొమ్మలు పాక్స్‌కి వెళ్తాయి, డాక్టర్ తన గదిలో తెరిచి చూస్తారు.

రెండోది ఆర్ఐఎస్, రేడియాలజీ ఇన్ఫర్మేషన్ సిస్టమ్. ఫుడ్ డెలివరీ యాప్‌లో ఆర్డర్ పెట్టగానే 'స్వీకరించారు, వండుతున్నారు, బయల్దేరింది' అని కనిపిస్తుంది కదా. ఇక్కడా అంతే. డాక్టర్ స్కాన్ రాశారు, పేషెంట్ వచ్చాడు, స్కాన్ అయింది, రిపోర్ట్ టైప్ అయింది, రేడియాలజిస్ట్ సంతకం పెట్టారు. ప్రతి అడుగుకీ ఒక టైమ్‌స్టాంప్.

ఈ రెండిటికీ మధ్య 'వర్క్‌లిస్ట్' అని ఒకటి ఉంటుంది. ఆర్ఐఎస్‌లో ఉన్న పేరు, వయసు, ఐడీ నేరుగా మెషిన్ స్క్రీన్ మీదకి వచ్చేస్తాయి. టెక్నీషియన్ మళ్లీ టైప్ చేయక్కర్లేదు. వినడానికి చిన్న ఫీచర్. కానీ మా జిల్లాల్లో ఇది ఎంత అవసరమో చెప్తా.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ ఆసుపత్రి ఓపీలోనైనా నిలబడి "అప్పలనాయుడూ" అని పిలవండి. నలుగురు లేస్తారు. సింహాచలం, పైడితల్లి అన్న పేర్లు మగవాళ్లకీ ఉంటాయి, ఆడవాళ్లకీ ఉంటాయి. అదే అప్పలనాయుడు పేరుని ఇంగ్లిష్‌లో ఒకరు మధ్యలో గ్యాప్ ఇచ్చి కొడతారు, ఒకరు ఇవ్వకుండా కొడతారు, ఇంకొకరు ఇంటిపేరు ముందు తగిలిస్తారు. కంప్యూటర్‌కి వీళ్లు ముగ్గురు. పోయినేడాది స్కాన్‌తో ఈ ఏడాది స్కాన్ పోల్చాలంటే పాతది దొరకదు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, వేరే అప్పలనాయుడి స్కాన్ దొరకడం.

దీనికి మందు ఒక్కటే, పేరు కాకుండా నంబరుతో వెతకడం. 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఇచ్చే 14 అంకెల ఆభా నంబర్ అందుకే. అది ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గరే ఆగిపోకుండా, సీటీ మెషిన్ వర్క్‌లిస్ట్ దాకా వెళ్తేనే ఫలితం.

ఆలస్యం ఎక్కడ? టైమ్‌స్టాంపులే చెప్తాయి

"స్కానింగ్‌కి పొద్దున్నుంచీ కూర్చున్నాం" అన్న మాట మనందరం విన్నదే. వెంటనే మనం అనేది, "ఇంకో మెషిన్ కొనొచ్చు కదా" అని. నిజంగా మెషినే కారణమా?

ఊహించి ఒక ఉదాహరణ రాస్తా. డాక్టర్ స్కాన్ రాసింది 9:10కి. స్కాన్ మొదలైంది 10:40కి. అయిపోయింది 10:55కి. రిపోర్ట్ టైప్ అయింది 12:30కి. సంతకం పడింది 4:15కి. మొత్తం 7 గంటల 5 నిమిషాల్లో మెషిన్ మీద గడిచింది 15 నిమిషాలే. సంతకం కోసమే 3 గంటల 45 నిమిషాలు. ఇక్కడ ఇంకో సీటీ కొంటే ఏమొస్తుంది? సంతకం పెట్టే డాక్టర్ ఆ టైములో ఓపీలో ఉన్నారా, ఆపరేషన్ థియేటర్‌లో అల్ట్రాసౌండ్ చేస్తున్నారా అన్నది చూడాలి. కాగితం రిజిస్టర్‌లో ఈ విషయం ఎప్పటికీ బయటపడదు. ఆర్ఐఎస్‌లో అయితే ఒక్క క్వెరీ.

ఇంకో చిన్న మోసం ఉంది, సగటు. తొమ్మిది మందికి 20 నిమిషాల్లో రిపోర్ట్ వచ్చి, ఒకరికి 6 గంటలు పట్టిందనుకోండి. సగటు 54 నిమిషాలు. 'గంటలోపు రిపోర్ట్ ఇస్తున్నాం' అని బోర్డు పెట్టుకోవచ్చు. ఆ ఆరు గంటలు ఆగినవాడు తలకి దెబ్బ తగిలిన మనిషైతే? అందుకే సగటుతో పాటు 'అందరికన్నా ఎక్కువ ఆగినవాళ్లకి ఎంతసేపు పట్టింది' అన్న లెక్క చూడాలి. మనం యాప్ సర్వర్ల స్పీడ్ కొలిచేటప్పుడు చేసేదీ ఇదే.

సరే, మెషినే అడ్డంకి అయిన చోట్ల కూడా ఒక లెక్క ఉంది. పేషెంట్లు ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, ఒక్కో స్కాన్‌కి సుమారు 10 నిమిషాలు పడుతుందనుకుందాం. క్యూ లెక్కల్లో అన్నిటికన్నా సింపుల్ సూత్రం ప్రకారం, మెషిన్ 80 శాతం బిజీగా ఉంటే సగటు నిరీక్షణ 40 నిమిషాలు. 90 శాతం అయితే 90 నిమిషాలు. 95 శాతం అయితే 190 నిమిషాలు! మెషిన్ వాడకం 80 నుంచి 95 శాతానికి పెరిగితే నిరీక్షణ దాదాపు అయిదు రెట్లయింది. నిజమైన ఆసుపత్రిలో అంకెలు ఇంత కచ్చితంగా ఉండవు కానీ, తీరు మాత్రం ఇదే. కాబట్టి 'మెషిన్ ఒక్క నిమిషం ఖాళీగా ఉండకూడదు' అనుకోవడం మంచి లక్ష్యం కాదు. ముందుగా రాసిన స్కాన్లకి టైమ్ స్లాట్లు ఇచ్చి, ఎమర్జెన్సీకి కొంత ఖాళీ వదిలితే లైను దానంతటదే తగ్గుతుంది. ఏ గంటలో ఎమర్జెన్సీలు ఎక్కువ వస్తాయో చెప్పేది మళ్లీ ఆ పాత టైమ్‌స్టాంపులే.

మళ్లీ తీసిన ఎక్స్‌రేలు లెక్కపెడుతున్నామా?

డిజిటల్ ఎక్స్‌రే వచ్చాక బొమ్మ సరిగ్గా రాకపోతే డిలీట్ కొట్టి ఇంకోటి తీయడం తేలికైపోయింది. సెల్ఫీలా. కానీ ఇక్కడ ప్రతి 'రీటేక్'కీ పేషెంట్ ఒంట్లోకి రేడియేషన్ వెళ్తుంది. చాలా డిజిటల్ మెషిన్లు ఎన్ని బొమ్మలు తిరస్కరించారో, ఎందుకో రికార్డు చేయగలవు. మనిషి కదిలాడా, సరిగ్గా నిలబెట్టలేదా, నగలు తీయించలేదా అని. అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ తిరస్కరణ 8 శాతం దగ్గర ఉండేలా చూసుకోవాలని, 10 శాతం దాటితే కారణం వెతకాలని చెప్పింది.

ఇలాంటి లెక్క వల్ల ఉపయోగం ఏమిటంటే, టెక్నీషియన్‌ని తిట్టక్కర్లేదు. నెల చివర చూస్తే మోకాలి ఎక్స్‌రేలే ఎక్కువ రీటేక్ అవుతున్నాయని తెలిసింది అనుకోండి, ఒక అరగంట ట్రైనింగ్‌తో పోతుంది.

సీటీలో ఇది ఇంకా ముఖ్యం. ఒక ఛాతీ ఎక్స్‌రే దాదాపు 0.1 మిల్లీసీవర్ట్ అయితే, కడుపు సీటీ ఇంచుమించు 8, 10 మిల్లీసీవర్ట్‌ల దాకా ఉంటుంది. అంటే సీటీ ఒకసారి అనవసరంగా రిపీట్ అయితే ఎనభై, వంద ఛాతీ ఎక్స్‌రేలకి సమానం. అవసరమైన సీటీ ప్రాణం కాపాడుతుంది, అందులో సందేహం లేదు, భయపడి మానేయొద్దు. సీడీ తెరుచుకోక రిపీట్ చేసిన సీటీ మాత్రం ఎవరినీ కాపాడదు. ఇప్పటి సీటీ మెషిన్లు ప్రతి స్కాన్‌కీ డోసు వివరాలని డైకామ్ ఫైల్‌గానే ఇవ్వగలవు. వాటిని పోగేసి చూసేవాళ్లుండాలి.

మన దేశంలో డేటా రాయడం కొత్తేమీ కాదు. 1994లో వచ్చిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ మెషిన్ రిజిస్టర్ అయి ఉండాలి. గర్భిణికి స్కాన్ చేస్తే ఫారం ఎఫ్ నింపాలి, నెలవారీ రిపోర్ట్ తర్వాతి నెల 5వ తేదీలోపు పంపాలి. ఫోన్‌కి తగిలించే చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్‌లు వచ్చాయి కదా, వాటికీ ఈ చట్టం వర్తిస్తుంది, గ్యాడ్జెట్ అని సరదాగా కొనేవి కావు. ఎక్స్‌రే, సీటీ మెషిన్లకి అణుశక్తి నియంత్రణ మండలి ఈ-లోరా పోర్టల్‌లో లైసెన్స్ తీసుకోవాలి. అంటే ఆసుపత్రులు ఇన్‌స్పెక్షన్ కోసం డేటా రాస్తూనే ఉన్నాయి. తమ పని తాము మెరుగుపరుచుకోవడానికి వాడుకోవడమే మిగిలింది.

ఉద్దానానికి కావాల్సిన ఒక్క అలర్ట్

ఇప్పుడు మా ఊరి సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో కొత్తగా చెప్పక్కర్లేదు. షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా వస్తోంది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి.

సీటీలో ఇచ్చే కాంట్రాస్ట్ మందులో అయోడిన్ ఉంటుంది. రక్తనాళాలు, అవయవాలు స్పష్టంగా కనిపించడానికి ఇస్తారు. ఆ మందు బయటకి పోవాల్సింది కిడ్నీల ద్వారానే. కిడ్నీ పనితీరుకి ఈజీఎఫ్ఆర్ అని ఒక అంకె ఉంది, క్రియాటినిన్ నుంచి లెక్కకడతారు. అది 30 కన్నా తక్కువ ఉన్నవాళ్లకి కాంట్రాస్ట్ ఇచ్చేముందు డాక్టర్లు జాగ్రత్తగా ఆలోచిస్తారు. ప్రాణం మీదకొస్తే ఇవ్వాల్సే రావచ్చు కూడా. ఆ నిర్ణయం డాక్టర్‌ది. సాఫ్ట్‌వేర్ పని ఏమిటంటే, ఆ అంకె డాక్టర్ కళ్ల ముందు సరైన క్షణంలో ఉంచడం.

కోడ్ పరంగా చూస్తే ఇది పది లైన్ల పని. ఆర్డర్‌లో కాంట్రాస్ట్ ఉంటే, ల్యాబ్ సిస్టమ్‌లో ఈ పేషెంట్ చివరి క్రియాటినిన్ వెతుకు. విలువ తేడాగా ఉంటే హెచ్చరించు. అసలు రిపోర్టే లేకపోతే 'టెస్ట్ చేయించారా?' అని అడుగు. ఏఐ అక్కర్లేదు, క్లౌడ్ అక్కర్లేదు. కష్టమంతా ఆ పది లైన్లకి ముందుంది. ల్యాబ్‌లో ఉన్న అప్పలనాయుడూ, సీటీలో ఉన్న అప్పలనాయుడూ ఒకరేనని రెండు సిస్టమ్‌లకీ తెలియాలి. ఆసుపత్రి సిస్టమ్‌లు మాట్లాడుకోవడానికి హెచ్ఎల్7 అనే ప్రమాణం 1987 నుంచీ ఉంది, ఇప్పుడు దాని కొత్త రూపం ఫైర్ వెబ్ ఏపీఐలా పనిచేస్తుంది. మనలాంటి డెవలపర్లకి అది చాలా దగ్గరి భాష.

ఇంకొకటి. కిడ్నీ అల్ట్రాసౌండ్ రిపోర్టుల్లో 'రెండు కిడ్నీలు కొంచెం చిన్నవిగా ఉన్నాయి' అని వాక్యం రాస్తే అది కంప్యూటర్‌కి పనికిరాదు. కుడి 8.4 సెంటీమీటర్లు, ఎడమ 8.6 సెంటీమీటర్లు అని వేర్వేరు గడుల్లో అంకెలుగా రాస్తే పనికొస్తుంది. పెద్దవాళ్లలో కిడ్నీ పొడవు మామూలుగా 9 నుంచి 12 సెంటీమీటర్లు. అయిదేళ్ల అంకెలు గ్రాఫ్‌గా గీస్తే ఏ మనిషికి ఎంత వేగంగా తగ్గుతోందో కనిపిస్తుంది. వందల మంది గ్రాఫులు ఊళ్ల వారీగా పక్కపక్కన పెడితే, కారణం వెతికే పరిశోధకుడికి అదొక నిధి.

దూరం, నెట్, తుఫాను

ఇచ్ఛాపురం నుంచి విశాఖ కేజీహెచ్‌కి రావాలంటే 200 కిలోమీటర్ల పైమాటే. ఉత్తరాంధ్రకి 1923 నుంచీ పెద్ద దిక్కు ఆ ఆసుపత్రే. శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2008లో, విజయనగరంలో 2023లో వచ్చాయి. అయినా అర్ధరాత్రి స్కాన్ చూసి చెప్పే రేడియాలజిస్ట్ ప్రతి ఊళ్లో ఉండటం కష్టం. మనిషిని కదపకుండా బొమ్మని పంపడమే టెలీరేడియాలజీ. కేంద్రం 2015లో తెచ్చిన ఉచిత వైద్య పరీక్షల కార్యక్రమంలో కూడా ఇది ఒక భాగం.

నెట్ సరిపోతుందా అంటే, లెక్క వేద్దాం. ఒక స్లైస్ 512 కేబీ. 400 స్లైసులు అంటే 200 ఎంబీ. నాణ్యత పోకుండా సగానికి కుదిస్తే 100 ఎంబీ. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే 80 సెకన్లు. పలాస నుంచి అంబులెన్స్ కాశీబుగ్గ దాటేలోపు స్కాన్ విశాఖ చేరిపోతుంది.

అయితే నెట్‌నే నమ్ముకుంటే కుదరదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. ఆసుపత్రికి జనం ఎక్కువ వచ్చేది అలాంటి రోజుల్లోనే. కాబట్టి మా వైపు సిస్టమ్ కట్టేవాళ్లు బొమ్మల్ని ముందు ఆసుపత్రిలోనే సేవ్ చేసి, లైన్ రాగానే పైకి పంపేలా కట్టాలి. వాట్సాప్‌లో నెట్ లేనప్పుడు గడియారం గుర్తు పడి, వచ్చాక టిక్కు పడుతుంది చూడండి, ఆ పద్ధతి.

ఏఐ చేసేస్తుందా?

కొంత. ఛాతీ ఎక్స్‌రేలో టీబీ లక్షణాలు పసిగట్టే సాఫ్ట్‌వేర్‌ని 15 ఏళ్లు దాటినవాళ్ల స్క్రీనింగ్‌కి వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. 2024 డిసెంబర్ 7న మొదలైన 100 రోజుల టీబీ కార్యక్రమంలో చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రే మెషిన్లు కూడా వాడారు. పాచిపెంట, సీతంపేట లాంటి కొండ ప్రాంతాల్లో ఇలాంటి మెషిన్ ఎంత ఉపయోగమో అక్కడ తిరిగినవాళ్లకి తెలుసు.

డిపార్ట్‌మెంట్ లోపల ఏఐకి నాకు నచ్చిన పని మాత్రం వేరు. లైను సర్దడం. ఉదయం నుంచి పేరుకున్న 60 తల సీటీల్లో రక్తస్రావం ఉందేమో అనిపించిన నాలుగింటిని పైకి తేవడం. తీర్పు డాక్టర్‌దే, వరస మాత్రం మారుతుంది. ఇది కూడా పైన చెప్పిన పాక్స్, ఆర్ఐఎస్, సరైన ఐడీ ఉన్నాకే. అవి లేకుండా ఏఐ కొనడం అంటే డిస్‌ప్లే పగిలిన ఫోన్‌కి ఖరీదైన పౌచ్ కొనడమే.

తలుపు తాళం వేశారా?

డేటా అంతా ఒకచోట చేరిస్తే దొంగలకీ సులువే. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగి, సుమారు రెండు వారాలు పనులు కాగితాల మీద నడిచాయి. 2019లో గ్రీన్‌బోన్ అనే జర్మన్ సెక్యూరిటీ కంపెనీ వెతికితే, 50కి పైగా దేశాల్లో పాక్స్ సర్వర్లు ఇంటర్నెట్‌లో తెరిచి పడి ఉన్నాయి. మన దేశంవీ వాటిలో ఉన్నాయి. హ్యాకింగ్ కూడా అక్కర్లేదు, అడ్రస్ తెలిస్తే చాలు. పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్, వేరే చోట బ్యాకప్, ఎవరు ఏ స్కాన్ చూశారో లాగ్. ఈ నాలుగూ లేని సిస్టమ్‌ని నేనైతే రికమెండ్ చేయను, ఎంత చవకైనా సరే.

ఇంట్లో చేసి చూశా

ఊరి నుంచి వచ్చాక ఒక ఆదివారం, నా 8 జీబీ ర్యామ్ పాత ల్యాప్‌టాప్‌లో ఆర్థాంక్ ఇన్‌స్టాల్ చేశా. బెల్జియంలోని లీజ్ యూనివర్సిటీ ఆసుపత్రిలో పుట్టిన ఉచిత ఓపెన్ సోర్స్ డైకామ్ సర్వర్ ఇది. డీఫాల్ట్‌గా బ్రౌజర్‌కి 8042 పోర్టు, డైకామ్‌కి 4242. పరిశోధన కోసం పేర్లు తీసేసి ఇంటర్నెట్‌లో పెట్టిన సీటీ సెట్ ఒకటి ఎక్కించా. ఓహెచ్ఐఎఫ్ అనే ఓపెన్ సోర్స్ వ్యూయర్ కూడా కలిపి, ఇంటి వైఫైలో ఫోన్ బ్రౌజర్ తెరిచా. మెదడు విండో, ఎముక విండో వేలితో మారుతున్నాయి. రివ్యూకి వచ్చిన ఆ ఫోన్‌కి చివరికి అదే నేను పెట్టిన గట్టి టెస్ట్.

ఒక జాగ్రత్త. ఇది నేర్చుకోవడానికే. ఫోన్‌లో మెడికల్ బొమ్మలు చూసే యాప్‌కి అమెరికా ఎఫ్‌డీఏ మొదటిసారి 2011లో అనుమతిచ్చింది, అది కూడా పెద్ద స్క్రీన్ దగ్గర లేనప్పుడు వాడుకోవడానికి. రేడియాలజిస్టులు చూసే మానిటర్లు ఛాయలు కచ్చితంగా కనిపించేలా ప్రమాణం ప్రకారం సర్ది ఉంటాయి. మన అమోలెడ్ ఎంత మెరిసినా దానికి సాటి కాదు.

ఈ రోజే మీరు చేయగలిగినవి

మీ ఇంట్లో ఎవరికైనా స్కాన్ తీస్తే, ఫిల్ముతో పాటు డైకామ్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనో, లింకుగానో ఇమ్మని అడగండి. ఇంటికొచ్చాక కాదు, కౌంటర్ దగ్గరే తెరిచి చూసుకోండి. ఎవరికైనా పంపాల్సొస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అదీ డాక్టర్‌కి మాత్రమే, ఫ్యామిలీ గ్రూపుల్లో కాదు. రిజిస్ట్రేషన్‌లో ప్రతిసారీ ఒకే స్పెల్లింగ్, ఒకే ఆభా నంబర్ ఇవ్వండి. కాంట్రాస్ట్ అంటే, కిడ్నీ సమస్య ఉంటే అడిగే దాకా ఆగకుండా ముందే చెప్పండి. మీరు డెవలపర్ అయితే, ఈ వీకెండ్ ఇంకో టు-డూ యాప్ బదులు డైకామ్ ఫైల్ ఒకటి తెరిచి చూడండి. మన జిల్లా ఆసుపత్రులకి ఈ భాష తెలిసినవాళ్లు కావాలి.

బాబాయి ఇప్పుడు బాగానే ఉన్నాడు. చెట్టు ఎక్కొద్దంటే వినడు, అది వేరే విషయం. ఆయన స్కాన్లు, మూడేళ్ల రిపోర్టులు అన్నీ వరసగా పెట్టి ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పిన్నికి ఇచ్చా. ఇక ఆ ప్లాస్టిక్ కవరు మోయక్కర్లేదు అన్నా. పిన్ని పెన్‌డ్రైవ్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది పాడైపోతే ఏటి చేస్తావు?" అని, దాన్ని కూడా ఆ కవరులోనే వేసి ముడేసింది.

బ్యాకప్ గురించి పిన్నికి నేను కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు.